ఒకే గుట్ట వాలులో రెండు గుంతలు: కళ్యాణదుర్గం మేత బీడు నేలను ఏ తరగతిలో చేర్చాలి?

నమస్కారం. మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న మేరకు ముందుగా చెబుతాను. అనంతపురం జిల్లా కళ్యాణదుర్గం ప్రాంతంలో ఒక ఊరి ఉమ్మడి మేత బీడులో మీరు రెండు గుంతలు తవ్వించారు. ఒకటి గుట్ట వాలు పైభాగంలో ఉంది, రెండవది వాలు దిగువన ఉంది. ఆ వివరాలను ఇద్దరు తెలిసినవారికి చూపిస్తే ఒకరు అది ఆల్ఫిసాల్ (కింద బంక పేరుకుని, కొంతకాలం తేమ నిలిచే నేల) అన్నారు, మరొకరు అరిడిసాల్ (ఏడాదిలో ఎక్కువ కాలం ఎండి ఉండే నేల) అన్నారు. ఊరి గొర్రెల కాపరులు మాత్రం రెండింటినీ ఎర్ర గరప నేల అనే అంటున్నారు. వీరిలో ఎవరు చెప్పింది సరైనదో, ఆ పేరు వల్ల మేతకు ఏం తెలుస్తుందో చెప్పమని అడిగారు.

నా అభిప్రాయం ముందే చెప్పి, తరువాత కారణాలు వివరిస్తాను. మీ దిగువ గుంత ఆల్ఫిసాల్ అనడానికి బలమైన ఆధారాలు ఉన్నాయి. పై గుంతను ప్రస్తుతానికి ఆల్ఫిసాల్ గానే రాయండి, కానీ అక్కడ తేమ నిలిచే రోజులను లెక్కించిన తరువాత అది అరిడిసాల్ గా తేలితే ఆశ్చర్యపడవలసింది లేదు. ఆ ఇద్దరి మధ్య భేదం గుంత గోడలో కనిపించే గుర్తుల గురించి కాదు. ఏడాదిలో ఎన్ని రోజులు ఆ గోడలో తేమ ఉంటుందన్న దాని గురించి. ఆ సంగతి రంగు చూసినా, మట్టిని వేళ్ల మధ్య నలిపినా తెలియదు.

మీరు పంపిన అంకెలను ఇక్కడ మళ్లీ రాస్తున్నాను, ఎందుకంటే నా వాదనంతా వాటి మీదే నిలుస్తుంది. పై గుంతలో 0 నుంచి 12 సెం.మీ. వరకు 14 శాతం బంకమన్ను ఉన్న ఇసుక గరప ఉంది. 12 నుంచి 38 సెం.మీ. వరకు 27 శాతం బంకమన్ను, ఘనపరిమాణంలో సుమారు 45 శాతం గరుసు, పలుగురాళ్లు ఉన్నాయి. 38 సెం.మీ. దగ్గర రాయి తగిలింది. రెండవ పొర రంగు, మట్టి రంగులను పోల్చి చూసే మున్సెల్ పుస్తకం ప్రకారం, తడిపినప్పుడు 2.5వైఆర్ 3/6, ఎండినప్పుడు 2.5వైఆర్ 4/6. దిగువ గుంతలో మొదటి 18 సెం.మీ.లో 11 శాతం, 18 నుంచి 30 వరకు 19 శాతం, 30 నుంచి 75 వరకు 31 శాతం, 75 నుంచి 105 వరకు 28 శాతం బంకమన్ను ఉంది. చివరి పొరలో ఐదింట ఒక వంతు గరుసు, అక్కడక్కడ సున్నపు గుళ్లు, 6 శాతం కాల్షియం కార్బొనేట్ ఉన్నాయి. 105 సెం.మీ. కింద గడ్డపారకు పొడిగా రాలే మెత్తబడిన రాయి ఉంది. రంగు తడిపినప్పుడు 5వైఆర్ 4/4. పైపొర సేంద్రియ కర్బనం 0.42 శాతం, ఉదజని సూచిక పైన 6.7, కింద 8.1. బంకమన్ను పొరల ధన అయాన్ల మార్పిడి సామర్థ్యం, అంటే పోషకాలను పట్టి ఉంచే శక్తి, పై గుంతలో 7.5, దిగువ గుంతలో 9 యూనిట్లు. క్షార సంతృప్తి, అంటే ఆ శక్తిలో కాల్షియం వంటి క్షారాలు నిండిన వంతు, 78 శాతం. ఇంత శ్రద్ధగా కొలిచిన వివరాలతో వచ్చే ప్రశ్నలు అరుదు, అందుకే ఈ సమాధానం కొంత పొడవుగా ఉంటుంది.

ఈ నేల ఎక్కడి నుంచి వచ్చిందో ఒక మాట. మీ ప్రాంతమంతా ద్వీపకల్పపు పాత గ్రానైట్, నైస్ రాళ్ల మీద ఉంది. ఆ రాళ్లలోని ఫెల్డ్‌స్పార్ బంకమన్నుగా మారుతుంది, పలుగు ఇసుకగా, గులకలుగా మిగిలిపోతుంది, ఇనుము ఆక్సైడై ఎర్ర రంగునిస్తుంది. అందువల్ల ఒకే పిడికెడు మట్టిలో గరుకు ఇసుక, జిగురు బంక రెండూ తగులుతాయి. పాత అనంతపురం జిల్లాలో దాదాపు నాలుగింట మూడు వంతులు ఇటువంటి ఎర్ర నేలలే. తాడిపత్రి, యాడికి, గుత్తి వైపు కనిపించే నల్లరేగడి వేరే సంతతి, దాని సంగతి ఇక్కడ అవసరం లేదు. అయితే మీ బీడులోనే నల్లని డోలరైట్ రాతి గోడలు నేలను చీల్చుకుని పైకి వచ్చి ఉంటే, వాటి పక్కన కొన్ని మీటర్ల వెడల్పున మట్టి ముదురు రంగులో, మరింత జిగురుగా ఉంటుంది. గుంతకు చోటు ఎంచుకునేటప్పుడు దాన్ని తప్పించాలి.

ఇక వర్గీకరణలోకి వస్తాను. మన దేశంలో సర్వే నివేదికలు ఎక్కువగా అమెరికా వ్యవసాయ శాఖ 1975లో ప్రచురించి, 1999లో సవరించిన సాయిల్ టాక్సానమీ పద్ధతిని అనుసరిస్తాయి. అందులో 12 ప్రధాన క్రమాలు ఉన్నాయి. వాటి కింద ఉపక్రమం, మహా సమూహం, ఉప సమూహం, కుటుంబం, సిరీస్ అనే మెట్లు ఉన్నాయి. ఈ పద్ధతిలో ముఖ్యమైన నియమం ఒకటుంది. క్రమాలను ఒక వరసలో పరీక్షించాలి, ముందు ఏది సరిపోతే అక్కడే ఆగిపోవాలి. ఆ వరసలో వెర్టిసాల్ తరువాత అరిడిసాల్, దాని తరువాత అల్టిసాల్, మాలిసాల్, ఆ తరువాతే ఆల్ఫిసాల్ వస్తాయి. అంటే అరిడిసాల్ కాదని తేలిన తరువాతే ఆల్ఫిసాల్ అనే పేరు పెట్టే హక్కు మనకు వస్తుంది. చాలామంది ఎర్రగా ఉంది, కింద బంక ఉంది కనుక ఆల్ఫిసాల్ అని నేరుగా రాసేస్తారు. తెలంగాణ చల్క నేలల్లో అలా రాసినా సాధారణంగా ప్రమాదం ఉండదు. కళ్యాణదుర్గంలో ఉంటుంది.

మొదట రెండు క్రమాలకూ ఉమ్మడిగా అవసరమైన పరీక్ష పూర్తి చేద్దాం. పై నుంచి నీటితో దిగిన బంకమన్ను కింద పేరుకున్న పొరను ఆర్జిల్లిక్ పొర అంటారు. అది ఉందనడానికి పైపొరకంటే కింద బంకమన్ను ఎంత ఎక్కువ ఉండాలో నియమం ఉంది. పైపొరలో 15 శాతం కంటే తక్కువ ఉంటే కింద కనీసం 3 శాతం అదనంగా ఉండాలి. 15 నుంచి 40 శాతం మధ్య ఉంటే 1.2 రెట్లు ఉండాలి. 40 శాతం మించితే 8 శాతం అదనంగా ఉండాలి. మీ పై గుంతలో 14 నుంచి 27కు, దిగువ గుంతలో 11 నుంచి 19కు, తరువాత 31కు పెరిగింది. అంకెల పరీక్షలో రెండూ నెగ్గాయి.

కానీ అంకెలు ఒక్కటే చాలవు, ముఖ్యంగా మేత బీడులో. వాలు మీద వాననీరు పైమట్టిని కడిగి దిగువన పరుస్తుంది. అప్పుడు కింద బంక ఎక్కువగా ఉండడానికి కారణం బంక దిగడం కాకపోవచ్చు, వేరే చోటి ఇసుక పైన పరుచుకోవడం కావచ్చు. మీ దిగువ గుంతలో 18 సెం.మీ. దగ్గర పలుగురాళ్లు ఒక వరసలో కనిపించాయని మీరు రాసిన వాక్యం నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచింది. అటువంటి రాళ్ల వరస, పైన ఉన్నది ఒక పదార్థం, కింద ఉన్నది మరొక పదార్థం అని చెప్పే గుర్తు. అలాంటి చోట బంక శాతంలో తేడాను సాక్ష్యంగా తీసుకోకూడదు. కింది పొరలోనే బంక దిగినట్లు కనబడే పూత ఉందో లేదో చూడాలి.

ఆ పూతను చూడడానికి ఓపిక కావాలి. పిడికెడంత పెడ్డను చేత్తో సహజంగా విడిపోయే చోట విరిచి, విరిగిన ముఖాన్ని పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దంతో పక్క వెలుతురులో చూడండి. మైనం రాసినట్లు నున్నగా మెరిసే పలుచని పొర, చిన్న రంధ్రాల గోడలకు అంటిన జిగురు, ఇసుక రేణువుల మధ్య వంతెనల్లా నిలిచిన బంక కనిపిస్తే అది ఆర్జిల్లిక్ పొరే. గరుసు ఎక్కువ ఉన్న ఎర్ర నేలల్లో పెడ్డల ముఖాల మీద పూత స్పష్టంగా ఉండదు, ఇసుక రేణువుల వంతెనలే ఎక్కువగా దొరుకుతాయి. చెదలు తిరగేసిన చోట అవి కూడా చెరిగిపోతాయి. దిగువ గుంతలో 40 సెం.మీ. లోతున మెరిసే ముఖాలు చూశామని మీరు రాశారు, అది సరిపోతుంది. పై గుంత గురించి ఏమీ రాయలేదు, మళ్లీ వెళ్లినప్పుడు గులకల చుట్టూ, రంధ్రాల్లో చూడండి. అక్కడ పూత అసలు దొరకకపోతే ఆ పొరను ఆర్జిల్లిక్ అనలేము. అప్పుడు ఆ గుంత ఇన్‌సెప్టిసాల్ వైపు, అంటే పొరలు ఇంకా పూర్తిగా ఏర్పడని నేలల క్రమం వైపు, జరుగుతుంది.

ఇక్కడే మరొక విషయం. అతిగా మేసిన వాలుల మీద ఇసుక పైపొర పూర్తిగా కొట్టుకుపోయి, ఎర్ర బంక పొరే నేల పైకి తేలిన చోట్లు మీ బీడులోనూ ఉంటాయి. అక్కడ పోల్చడానికి పైపొరే లేదు కనుక బంక పెరుగుదల నియమం వర్తించదు, పూత కనిపిస్తే చాలు. ఇది తెలియక, పైన కింద ఒకేలా బంక ఉందని అలాంటి మచ్చలను వేరే క్రమంలో రాయడం నేను చాలా నివేదికల్లో చూశాను. పేరు తప్పితే ఊరుకోవచ్చు గానీ, అలా రాస్తే కోతకు గురైన నేల సహజంగానే అలా పుట్టిందన్న తప్పుడు అభిప్రాయం చదివేవారిలో స్థిరపడుతుంది.

బంక ఇంత లోతుకు దిగడానికి ఇప్పటి వాన చాలదన్నది గమనించదగిన విషయం. మన దక్కను ఎర్ర నేలల్లో కనిపించే ఈ బంక పొరలు చాలావరకు ఇప్పటికంటే తడి ఎక్కువగా ఉన్న పాత కాలపు వాతావరణంలో ఏర్పడ్డాయని, ఆ తరువాత వాతావరణం ఎండబారి అదే పొరల్లో సున్నం చేరుతోందని నేల శాస్త్రవేత్తలు భావిస్తారు. మీ దిగువ గుంతలో 75 సెం.మీ. కింద ఆమ్లం చుక్క వేస్తే బుసబుస పొంగిందంటే, ఆ రెండు కాలాల గుర్తులూ ఒకే గోడలో ఉన్నాయన్నమాట. పోగొట్టుకుంటే ఇప్పటి వానతో ఆ బంక పొర తిరిగి తయారు కాదు. ఆ సంగతి ఆ బీడును వాడేవారందరికీ తెలియాలని నేను కోరుకుంటాను.

ఇక అసలు చిక్కుముడి, తేమ. సాయిల్ టాక్సానమీ నేలలోని ఒక నిర్దిష్ట భాగాన్ని తేమ పరిశీలన విభాగంగా తీసుకుంటుంది. పూర్తిగా ఎండిన నేల మీద 2.5 సెం.మీ. నీరు పోస్తే ఎంత లోతు తడుస్తుందో అది ఆ భాగానికి పై హద్దు, 7.5 సెం.మీ. నీరు పోస్తే తడిసే లోతు కింది హద్దు. మధ్యలో రాయి అడ్డొస్తే రాయే కింది హద్దు. మొక్క వేళ్లు లాగలేనంతగా, అంటే 1500 కిలోపాస్కల్ ఒత్తిడికి మించి నీరు బిగుసుకున్నప్పుడు ఆ భాగం ఎండినట్లు లెక్క. ఏడాదిలో సగానికి పైగా రోజులు ఆ భాగమంతా ఎండి ఉండి, వరసగా 90 రోజులు ఏ కొంచెం భాగమైనా తడిగా ఉండలేకపోతే దాన్ని అరిడిక్ తేమ స్థితి అంటారు. ఏడాదిలో 90 రోజులకు పైగా ఎండినా, వరసగా 90 రోజులైనా లేదా మొత్తం మీద 180 రోజులకు పైగానైనా కొంత భాగం తడిగా ఉంటే అది ఉస్టిక్. ఆర్జిల్లిక్ పొర ఉన్న నేల అరిడిక్ స్థితిలో ఉంటే అరిడిసాల్, ఉస్టిక్ స్థితిలో ఉండి క్షార సంతృప్తి తగినంత ఉంటే ఆల్ఫిసాల్. ఇదంతా సాధారణ సంవత్సరాలకు, నీటి తడులు పెట్టని నేలకు వర్తించే లెక్క. ఒక్క కరువు ఏడాదిని చూసి అరిడిక్ అనకూడదు, ఒక్క మంచి ఏడాదిని చూసి ఉస్టిక్ అనకూడదు.

అనంతపురంలో సగటు వర్షపాతం సుమారు 550 మి.మీ. పడమటి కనుమల వాననీడలో ఉండడం వల్ల నైరుతి రుతుపవనాల మొదటి నెలలు ఇక్కడ బలహీనంగా ఉంటాయి. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లోనే వాన చిక్కగా పడుతుంది. జాతీయ నేల సర్వే సంస్థ దేశాన్ని 20 వ్యవసాయ పర్యావరణ మండలాలుగా విభజించినప్పుడు అనంతపురం, బళ్లారి వైపున్న ప్రాంతాన్ని పంట కాలం 90 రోజులకు లోపే ఉండే శుష్క మండలంలో చేర్చింది. సాధారణ సంభాషణలో మనం అర్ధ శుష్క ప్రాంతమనే అంటాం. ఈ రెండింటి మధ్య అంచునే మీ బీడు ఉంది. సర్వే నివేదికలు ఈ ప్రాంతపు ఎర్ర నేలలను ఎక్కువగా ఉస్టిక్ గా లెక్కించి ఆల్ఫిసాల్, ఇన్‌సెప్టిసాల్, ఎంటిసాల్ (పొరలు దాదాపు ఏర్పడని నేల) పేర్లతో రాశాయి. మీకు అరిడిసాల్ అని చెప్పినవారు వాతావరణ పటం చూసి చెప్పి ఉంటారు. ఇద్దరూ గుంత దగ్గర రోజులు లెక్కించలేదు.

మీ అంకెలతో ఒక స్థూల అంచనా వేద్దాం. ఇసుక గరప ప్రతి సెంటీమీటరు లోతుకు మొక్కకు అందే నీరు సుమారు 1 మి.మీ., మరీ ఇసుకైతే 0.9, బంక కలిసిన గరప 1.2 నుంచి 1.3 మి.మీ. పట్టి ఉంచుతుందని అనుకోండి. గరుసు ఆక్రమించిన చోటు మేర తగ్గించాలి. పై గుంతలో మొదటి 12 సెం.మీ.లో 12 మి.మీ., తరువాతి 26 సెం.మీ.లో గరుసు పోను 17 మి.మీ., మొత్తం 29 మి.మీ. మాత్రమే. దిగువ గుంతలో నాలుగు పొరలూ కలిపితే సుమారు 118 మి.మీ. అంటే నాలుగు రెట్లు. గడ్డి పచ్చగా ఉన్న రోజుల్లో ఎండకు, గడ్డికి కలిపి రోజుకు 5 మి.మీ. ఖర్చయితే పై గుంత ఆరు రోజుల్లో ఖాళీ అవుతుంది. రెండు వానల మధ్య పది రోజుల ఎడం వస్తే చాలు, వరస తెగిపోతుంది. దిగువ గుంతలో అదే ఎడం పై సగాన్ని ఎండబెట్టవచ్చు, కానీ పరిశీలన విభాగం సుమారు 25 నుంచి 64 సెం.మీ. వరకు ఉంటుంది కనుక అందులో ఏదో ఒక మూల తేమ మిగిలే ఉంటుంది. పైగా వాలు నుంచి జారే నీరు దానికి అదనంగా చేరుతుంది. అక్టోబరు చివర వరకు వాన పడితే నవంబరంతా అక్కడ పదును నిలుస్తుంది. ఒకే వాన పడే ఒకే వాలులో కింద ఆల్ఫిసాల్, పైన అరిడిసాల్ ఉండడం అసంభవం కాదని నేను మొదట అన్నది ఈ లెక్క చూసే.

ఈ అంచనాను నిజం చేయడానికి ఖరీదైన పరికరాలు అవసరం లేదు. పై గుంత పక్కన రాయికి కాస్త పైన, 32 నుంచి 38 సెం.మీ. మధ్య నుంచి, దిగువన 25 నుంచి 64 మధ్య రెండు మూడు లోతుల నుంచి వారానికొకసారి మట్టి తీసి, తూచి, ఆరబెట్టి, మళ్లీ తూచండి. గులకలను జల్లించి తీసేయండి. ఎండినదో తడిసినదో నిర్ణయించడానికి మట్టి నీటిని ఎంత బిగువుగా పట్టిందో కొలిచే ప్రయోగశాల ప్రెషర్ ప్లేట్ అందుబాటులో లేకపోతే, బంకమన్ను శాతంలో పదింట నాలుగు వంతులను హద్దుగా తీసుకోవచ్చు. 27 శాతం బంక ఉన్న పొరకు సుమారు 11 శాతం తేమ, 31 శాతం ఉన్న పొరకు సుమారు 12 శాతం తేమ. అంతకంటే తగ్గితే ఎండినట్లే. జూన్ నుంచి జనవరి వరకు ఇలా చేస్తే ఒక ఏడాది చిత్రం వస్తుంది. ఆ ఏడాది వాన ముప్పై ఏళ్ల సగటుకు దగ్గరగా ఉందో లేదో మండల వర్షపాతం రికార్డుతో పోల్చి చూడండి. నెలవారీ వాన లెక్కల నుంచి నేల తేమను అంచనా వేసే న్యూహాల్ నమూనా కూడా ఉంది. కానీ అది వాలునూ, పెచ్చు కట్టిన నేల మీదుగా పారిపోయే నీటినీ సరిగా పట్టించుకోదు. మేత బీడులో నేను తూచిన మట్టినే నమ్ముతాను.

తేమ స్థితి ఉస్టిక్ అని తేలితే మిగిలిన మెట్లు తేలికగా దిగవచ్చు. రెండు గుంతలూ ఉస్టాల్ఫ్, అంటే ఉస్టిక్ తేమ ఉన్న ఆల్ఫిసాల్, ఉపక్రమంలోకి వస్తాయి. పై గుంత రంగు బాగా ఎరుపైన 2.5వైఆర్, తడిపినప్పుడు విలువ (రంగు ముదురో లేతో తెలిపే అంకె) 3, ఎండినప్పుడు ఒక్క మెట్టే పెరిగింది కనుక అది రోడుస్టాల్ఫ్ మహా సమూహం. దిగువ గుంత రంగు అంత ఎరుపు కాదు కనుక హాప్లుస్టాల్ఫ్. హైదరాబాద్ పక్కన ఇక్రిశాట్ అనే అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ పొలాల్లోని పటాన్‌చెరు సిరీస్ ఎర్ర నేలను యూడిక్ రోడుస్టాల్ఫ్ అంటారు. మీ పై గుంతకు దానికి పేరులో దాయాదిత్వం కనిపిస్తుంది గానీ, అక్కడి వాన మీకంటే రెండు వందల మిల్లీమీటర్లకు పైగా ఎక్కువ. అక్కడి పంట ఫలితాలను ఇక్కడి బీడుకు తెచ్చి పెట్టవద్దు.

ఉప సమూహం దగ్గర పై గుంతలో గడ్డపార సాక్ష్యం అవసరం. 38 సెం.మీ. దగ్గర తగిలింది గట్టి రాయా, మెత్తబడిన రాయా? గడ్డపార ఖంగుమని తిరిగి వస్తే, పారతో తవ్వడం సాధ్యం కాకపోతే అది లిథిక్ స్పర్శ. 50 సెం.మీ. లోపు ఉంది కనుక లిథిక్ రోడుస్టాల్ఫ్ అవుతుంది. కష్టపడి తవ్వితే పొరలుగా, పొడిగా రాలితే అది పారాలిథిక్. అప్పుడు లిథిక్ అనే మాట తీసేసి కుటుంబం పేరులో లోతు తక్కువ అన్న మాట చేర్చాలి. ఇది పేరు కోసం పట్టే పట్టుదల కాదు. మెత్తబడిన రాతి పగుళ్లలోకి తంగేడు, రేగు వేళ్లు దిగుతాయి, గట్టి రాతిలోకి దిగవు. దిగువ గుంతలో కార్బొనేట్ 6 శాతమే కనుక 15 శాతం కావలసిన కాల్సిక్ పొర (సున్నం పేరుకున్న పొర) లేదు. తడి రోజులు మొత్తం 180కి తగ్గితే, కానీ వరసగా 90 ఉంటే, అది అరిడిక్ హాప్లుస్టాల్ఫ్. నా అంచనా అదే. పై గుంత అరిడిక్ స్థితిలోకి జారితే పేరు లిథిక్ ఉస్టిక్ హాప్లార్జిడ్ కావచ్చు, అది అరిడిసాల్ క్రమంలోని పేరు. ఆ దారిలో రంగుకు స్థానం లేదు.

కుటుంబం దగ్గర పై గుంతలో గరుసు 35 శాతం దాటింది, బంక 35 లోపే ఉంది, కనుక లోమీ-స్కెలెటల్, అంటే రాళ్లు ఎక్కువ ఉన్న గరప. దిగువ గుంతలో ఆర్జిల్లిక్ పై 50 సెం.మీ. సగటు తీసుకోవాలి. 12 సెం.మీ. మేర 19 శాతం, 38 సెం.మీ. మేర 31 శాతం కలిపితే సుమారు 28 శాతం, కనుక ఫైన్-లోమీ, అంటే బంక ఎక్కువ కలిసిన గరప. మార్పిడి సామర్థ్యాన్ని బంకతో భాగిస్తే రెండింటికీ 0.28, 0.29 వస్తాయి, దాన్ని సెమియాక్టివ్ (బంక చురుకుదనం ఒక మోస్తరు) అంటారు. నేల ఉష్ణోగ్రత, ఏడాదంతా పెద్దగా మారని వేడి కనుక, ఐసోహైపర్‌థర్మిక్. ఖనిజ వర్గాన్ని మాత్రం పరీక్ష లేకుండా రాయకండి. అంతర్జాతీయ పద్ధతిలో రాయవలసి వస్తే, కిలో మట్టికి కాక కిలో బంకకు లెక్కిస్తే మార్పిడి సామర్థ్యం సుమారు 28, 29, అంటే 24 దాటింది కనుక రెండూ లువిసాల్ లోకి వెళ్తాయి, 24 లోపు ఉంటే లిక్సిసాల్ అయ్యేవి. రాయి 25 సెం.మీ. లోపు లేదు కనుక పై గుంతను లెప్టోసాల్ (రాతి మీద మరీ పలుచని నేల) అనకూడదు. గుట్ట నెత్తి మీద మాత్రం అవి తప్పక ఉంటాయి.

ఇప్పుడు ఈ పేర్లు చెప్పని సంగతులు కొన్ని. క్రమం, ఉపక్రమం నేల పైముఖం గురించి దాదాపు ఏమీ చెప్పవు, గొర్రెలు మాత్రం ఆ పైముఖం మీదే బతుకుతాయి. సేంద్రియ కర్బనం 0.42 శాతం అంటే మన నేల పరీక్ష కొలబద్ద ప్రకారం 0.5 లోపు, తక్కువ తరగతి. ఈ ఇసుక గరప పైపొరలో గుళికలను పట్టి ఉంచే జిగురు లేదు. తొలకరి చినుకు దెబ్బకు అవి విచ్చుకుని, సన్నని రేణువులు రంధ్రాలను మూసి, ఎండగానే కొన్ని మిల్లీమీటర్ల పెచ్చు కడుతుంది. ఆ పెచ్చు మీద పడిన వాన లోపలికి ఇంకదు, పారిపోతుంది. గొర్రెల గిట్టలు ఎండు పెచ్చును విరగ్గొడితే కొంత మేలు, తడి నేలను తొక్కితే కింద గట్టిపడి మరింత కీడు. అందుకే తొలకరి తరువాత మందను కొన్ని వారాలు ఆపమని పెద్ద కాపరులు చెప్పే మాటకు నేల శాస్త్రంలో పూర్తి ఆధారం ఉంది.

పెచ్చు కట్టిన ఖాళీల మీదుగా పారే నీరు, ఆకు, పెంట, విత్తనాలు అన్నీ పొదల మొదళ్ల దగ్గర ఆగుతాయి. అందువల్ల రేగు పొద కింద మట్టి, రెండు గజాల అవతల ఖాళీలోని మట్టి ఒకే గుంతలోవి కానట్లు ఉంటాయి. నమూనా తీసేటప్పుడు ఈ రెండింటినీ కలిపేస్తే వచ్చే సగటు ఎక్కడా లేని నేలను వర్ణిస్తుంది. వేరువేరుగా తీసి, ఎంత విస్తీర్ణంలో ఏది ఉందో అడుగులతో కొలిచి రాయండి. ఖాళీలు పెరిగి, గరిక, బోదగడ్డి తగ్గి, వెంపలి, తంగేడు మిగిలిన చోట నేల పేరు మారకపోయినా నేల స్థితి దిగజారినట్లే. ఆ మార్పును రాయడానికి సిరీస్ పేరు తరువాత వాలు, కోత స్థాయి, పైన రాళ్ల శాతం తెలిపే దశ అనే చిన్న మాట ఉంటుంది. మేత బీడు నివేదికలో నేను మొదట చదివేది దాన్నే.

ఉద్యోగం తొలి సంవత్సరాల్లో నేను ఒక బీడులో ఎండ భరించలేక చెట్టు నీడలో గుంత తవ్వించాను. నల్లగా, మెత్తగా ఉన్న పైపొర చూసి సంతోషించి, ఆ ఒక్క గుంతనే ఆ వాలంతటికీ ప్రతినిధిగా రాశాను. మరుసటి ఏడాది అదే పటాన్ని నమ్మి గడ్డి విత్తనం చల్లినవారికి ఖాళీల్లో ఒక్క మొలకా నిలవలేదు. ఆ చెట్టు కింద మట్టి చెట్టు తయారు చేసుకున్నది, వాలుది కాదు. ఆ తరువాత గుంత చోటును ఎంచుకోవడానికి సగం రోజు నడవకుండా నేను ఎక్కడా గడ్డపార దింపించలేదు.

మీ బీడుకు రెండు గుంతలు చాలవు. వాలు మధ్యలో, పై గుంతకూ దిగువ గుంతకూ మధ్య మట్టి లోతు ఎక్కడ 50 సెం.మీ. దాటుతుందో ఆగరుతో (మట్టిలోకి తిప్పి దించే బరమాతో) ప్రతి ఇరవై అడుగులకొకసారి గుచ్చి చూసి, ఆ గీత మీద మూడవ గుంత తవ్వండి. ఆ గీతకు పైభాగం ఏ క్రమానికి చెందినా, నేల సామర్థ్య వర్గీకరణలో సాగుకు కాక మేతకు, చెట్లకు తగిన 6 లేదా 7వ తరగతిలోనే ఉంటుంది. దాన్ని దున్నడానికి గానీ, లోతు కందకాలు తీయడానికి గానీ అనుమతించకండి, ఆ 26 సెం.మీ. బంక పొరను బయటపెడితే రెండు వానల్లో పోతుంది. గీతకు దిగువన, పలుగురాళ్ల వరస కింద బంక పూత మూడవ గుంతలోనూ కనిపిస్తే, స్టైలో (పప్పుజాతి మేత మొక్క), అంజన్ గడ్డి విత్తడానికి అనువైన చోటు అదే. మూడవ గుంత వివరాలతో పాటు జూన్ నుంచి తీసిన తేమ లెక్కలు కూడా పంపండి, రెండు పేర్లలో ఏది నిలుస్తుందో అప్పుడు కలిసి నిర్ణయిద్దాం.